పేపర్లు పెట్టినవాడు దొంగ కాదు

"అన్నా, ఒక ఐదు నిమిషాలుంటే మాట్లాడాలి."

సాఫ్ట్‌వేర్లో నాలుగేళ్ళు పనిచేసిన వాళ్ళెవరికైనా ఈ మాటకి అర్థం తెలుసు. నిజంగా ఐదు నిమిషాల్లో తేలిపోయే పనైతే ఎవరూ ఇలా అడగరు, సీటు దగ్గరికొచ్చి చెప్పేస్తారు. అదీ శుక్రవారం సాయంత్రం అడిగారంటే ఇక అనుమానమే అక్కర్లేదు. మొన్న శుక్రవారం మా టీమ్‌లో మూడేళ్ళుగా పనిచేస్తున్న అమ్మాయి ఇలాగే అడిగింది. మీటింగ్ రూమ్‌లో కూచున్నాక "చెప్పమ్మా" అన్నాను. వేరే చోట ఆఫర్ వచ్చిందట. కొత్త కంపెనీ 45 రోజుల్లో రమ్మంటోంది. మా దగ్గర నోటీసు 90 రోజులు. "కొంచెం ముందుగా వదలగలరా?" అని అడిగింది.

నిజం చెప్పాలంటే ఆ క్షణాన నా బుర్రలోకి వచ్చిన మొదటి ఆలోచన "రిలీజ్ ఎవరు చూస్తారు?" రెండోది "ఇంత నేర్పిస్తే ఇదా?" అని. ఆ అమ్మాయికి కొత్త ఉద్యోగం వచ్చిందన్న సంగతి మూడో స్థానంలో గానీ తట్టలేదు. మా పైవాడికి మెసేజ్ పెడితే ఒక్క లైను జవాబు: "తొంభై రోజులూ పట్టి ఉంచు, తర్వాత చూద్దాం."

పట్టి ఉంచడానికి ఆవిడేమైనా దూడా?

శని, ఆదివారాలు ఇదే ఆలోచన. రాజీనామాని మన కంపెనీలు ఒక నేరంలాగా ఎందుకు చూస్తాయి? నేను రెండు వైపులా కూచున్న మనిషిని. ఇచ్చాను, తీసుకున్నాను. రెండు చోట్లా జరిగినవి చెప్తాను, తర్వాత మీ ఇష్టం.

2007లో నేను బేగంపేటలో ఒక చిన్న కంపెనీలో ఉండేవాణ్ణి. పేరెందుకులెండి. మంచి అవకాశం వచ్చి పేపర్లు పెట్టాను. మర్నాటి నుంచి మా మేనేజరు నాతో మాట్లాడ్డం మానేశాడు. వారంలో నా సీటు ప్రింటర్ పక్కకి మారింది. మెయిలింగ్ లిస్టుల్లోంచి పేరు పోయింది. రోజూ కలిసి లంచ్‌కి వెళ్ళే వాళ్ళు కూడా నాతో కనబడితే ఏమవుతుందోనని ముందే తినేసి వచ్చేవాళ్ళు. పాపం వాళ్ళని అనడానికేం లేదు, అప్రైజల్స్ దగ్గరపడ్డాయి.

ఆఖరి రోజు లెటరేదీ అంటే "కొరియర్లో పంపిస్తాం" అన్నారు. ఆ కొరియరు రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఈలోగా కొత్త కంపెనీ వెరిఫికేషన్ వాళ్ళు వారం వారం ఫోను. నేను ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్‌లో బస్సెక్కి పాత ఆఫీసుకెళ్ళి రిసెప్షన్లో కూచునేవాణ్ణి. నిన్నమొన్నటి దాకా నవ్వుతూ నమస్కారం పెట్టిన సెక్యూరిటీ ఆయన విజిటర్స్ రిజిస్టరు నా ముందుకి జరిపి, ఇబ్బందిగా "కలవాల్సిన వ్యక్తి పేరు రాయండి సార్" అనేవాడు. చివరికి లెటరొచ్చింది. నాలుగు వాక్యాలు, అందులో నా పేరు తప్పు.

మా నాన్నగారు ఈసీఐఎల్‌లో చేరి అక్కడే రిటైరయ్యారు. ఆ రోజు దండ వేసి, శాలువా కప్పి, ఆఫీసు జీపులో ఇంటి దాకా తీసుకొచ్చి దింపారు. వీధి మొత్తం చూసింది. అలాంటాయనకి నా అవస్థ అర్థం కాలేదు. ఓ రోజు భోజనాల దగ్గర గొంతు తగ్గించి అడిగారు: "నువ్వక్కడేం తప్పు చేశావురా? చేయకపోతే కాయితం ఎందుకివ్వరు?"

తప్పేం చేయలేదని మా నాన్నకి నేను రుజువు చూపించుకోవాల్సి వచ్చింది. మేనేజరు మీద కోపం ఎప్పుడో పోయింది గానీ ఈ మాట మాత్రం పోలేదు.

ఇక్కడితో కథ అవలేదు. 2009 మొదట్లో హైదరాబాదు ఎలా ఉండేదో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అమెరికాలో మాంద్యం ఒక పక్క, జనవరి 7న సత్యం చైర్మన్ రాజీనామా ఉత్తరం ఇంకో పక్క. లెక్కల్లో లేని వేల కోట్లు ఉన్నట్టు చూపించామని అందులో ఆయనే ఒప్పుకున్నాడు. మా కాలనీ బస్‌స్టాపులో రోజూ కనబడే సత్యం కుర్రాళ్ళ మొహాలు చూడలేకపోయేవాళ్ళం. సరిగ్గా ఆ రోజుల్లో నాకో మెయిల్. ఎవరో కాదు, నా పాత మేనేజరు. ఆయన కంపెనీ చితికిపోయింది, మా దగ్గరేమైనా ఖాళీలుంటే చూడమని రెజ్యూమె జతచేశాడు.

నేనేదో మహానుభావుణ్ణని చెప్పుకోను. ఆ రెజ్యూమె నా ఇన్‌బాక్స్‌లో రెండు వారాలు పడుంది. తర్వాత పంపాను. అప్పటికి ఉన్న ఖాళీ నిండిపోయింది. ఆ రెండు వారాలూ నేను చేసింది ఆయన నాలుగు నెలలు చేసిన పనే కదా అని తర్వాతెప్పుడో తట్టింది.

సరే, అది నేను ఇచ్చినప్పటి సంగతి. నేను తీసుకున్నప్పటి సంగతి ఇంకా దారుణం.

2022 గుర్తుందా? అందరూ అందరి దగ్గరికీ మారిపోయిన సంవత్సరం. ఆ జూన్‌తో ముగిసిన త్రైమాసికంలో ఇన్ఫోసిస్ చెప్పిన అట్రిషన్ 28.4 శాతం. టీసీఎస్‌ది సెప్టెంబరుకి 21.5 శాతం. అంత పెద్ద కంపెనీల్లోనే ఏడాదికి నలుగురిలో ఒకరు, ఐదుగురిలో ఒకరు పోతుంటే మాలాంటి వాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. ఆ టైములో మా టీమ్‌లో బాగా పనిచేసే కుర్రాడు పేపర్లు పెట్టాడు. అంతకు మూడు నెలల ముందే అప్రైజల్లో నేనే వాడికి "ఈసారి బడ్జెట్ లేదు" అని చెప్పి ఉన్నాను. ఇప్పుడు రెండ్రోజుల్లో పైవాళ్ళతో మాట్లాడి ముప్ఫై శాతం పెంచుతూ కౌంటర్ ఆఫర్ తెచ్చాను. గర్వంగా కూడా ఫీలయ్యాను. వాడు కాగితం చూసి నెమ్మదిగా అడిగాడు: "అన్నా, ఈ డబ్బులు ఏప్రిల్లో ఎక్కడున్నాయి?"

నా దగ్గర జవాబు లేదు. అయినా వదల్లేదు. కాఫీలు తాగించాను, ఆన్‌సైట్ అన్నాను, "ఇక్కడ నీ మాట చెల్లుతుంది, అక్కడ నువ్వెవరో తెలీదు" అన్నాను. వాడు ఆ ఆఫర్ వదులుకుని ఉండిపోయాడు.

2023 మొదట్లో గాలి తిరిగింది. ఖర్చు తగ్గించమన్నారు. ప్రతి టీమ్ నుంచి పేర్లిమ్మన్నారు. మీటింగులో ఎవరో అన్నారు, "ఆ అబ్బాయి ఆల్రెడీ ఒకసారి వెళ్ళిపోవాలనుకున్నవాడే కదా, జీతం కూడా ఎక్కువ." నేను ఆ గదిలో ఉన్నాను. వాణ్ణి ఆపింది నేను, జీతం పెంచింది నేను. నోరు తెరిచి ఆ ముక్క చెప్పలేదు. నా పేరు కూడా ఏదో లిస్టులో ఉంటుందేమోనన్న భయం. వాడు వెళ్ళిపోయాడు. ఈసారి ఆఫర్ లేకుండా.

అందుకే కౌంటర్ ఆఫర్ అంటే నాకు ఒళ్ళు మండుతుంది. రాజీనామా ఇచ్చాక దొరికే డబ్బు, ఇవ్వకముందు కూడా ఉండే ఉంటుంది. అది బయటికి తీయడానికి మనిషి తలుపు దాకా వెళ్ళాల్సొచ్చిందంటే, మిగతా టీమ్‌కి మనం నేర్పుతున్న పాఠం ఏమిటి? పెంచాలంటే ముందు పేపర్లు పెట్టండి అనే కదా. పైగా ఉండిపోయినవాడి పేరు పక్కన ఓ చుక్క పడిపోతుంది. అది చెరగదు.

సరే, ఆదివారం పొద్దున్నకొద్దాం.

సైనిక్‌పురి మీకు తెలుసో లేదో. సైన్యంలో పనిచేసిన వాళ్ళ కోసం ఏర్పడ్డ కాలనీ. ఇప్పుడు అపార్ట్‌మెంట్లూ, కేఫులూ వచ్చేశాయి గానీ, పాత సందుల్లో పెద్ద చెట్ల కింద గేట్ల మీద ఇప్పటికీ పేరు ముందు కల్నల్ అనో, వింగ్ కమాండర్ అనో కనిపిస్తుంది. ఉదయం వాకింగ్‌లో పరిచయమైన ఓ రిటైర్డ్ కల్నల్ గారి ఇంట్లో అప్పుడప్పుడూ కాఫీ తాగుతుంటాను. ఆయన హాల్లో గోడ నిండా చెక్క మీద తాపడం చేసిన యూనిట్ల చిహ్నాలు. చాలా రోజులుగా అవన్నీ బహుమతులనుకునేవాణ్ణి. ఆ రోజు అడిగితే నవ్వారు.

"ఇవన్నీ ఏదో గెలిచినందుకు కాదయ్యా. వెళ్ళిపోయినందుకు ఇచ్చినవి."

ఆఫీసరు ఒక యూనిట్ వదిలి వెళ్తుంటే మెస్‌లో డైనింగ్ అవుట్ అని విందు చేస్తారట. అతని గురించి నాలుగు మాటలు మాట్లాడతారు, జ్ఞాపిక ఇస్తారు. కమాండింగ్ ఆఫీసరు వెళ్ళేటప్పుడైతే పూలతో అలంకరించిన జీపుకి తాళ్ళు కట్టి, ఆఫీసర్లూ జవాన్లూ కలిసి గేటు దాకా లాక్కెళ్తారు. "అందరికీ ఆ మనిషంటే ఇష్టం ఉంటుందనా? ఉండదు. ఎప్పుడు పోతాడా అని చూసినవాళ్ళు కూడా తాడు పట్టుకుంటారు," అన్నారాయన. "ఎందుకంటే వెళ్ళేవాడు ఎలాగూ వెళ్తాడు. చూసేది ఉండేవాళ్ళు."

నేను ఊగిపోయి "మా కంపెనీలు మీ దగ్గర నేర్చుకోవాలండీ" అన్నాను. ఆయన చెయ్యెత్తి ఆపారు. "తొందరపడకు. ఇవి పోస్టింగులయ్యా. అసలు సర్వీసే వదిలేస్తానని కాగితం పెడితే అంత తేలిగ్గా వదలరు. ఒప్పుకునేదాకా ఆగాల్సిందే, ఒప్పుకోకపోనూవచ్చు. నీకున్న స్వేచ్ఛ నాకు లేదు." అదీ నిజమే. సరిహద్దు కాపలా కాసేవాణ్ణి ఆపడానికి ఓ కారణముంది. మనం రాసేది బిల్లింగ్ మాడ్యూలు. దేశరక్షణ స్థాయిలో నోటీసు పీరియడ్ పెట్టుకుంటే ఎలా? :)

ఇక చట్టం సంగతి. మనవాళ్ళలో చాలామందికి హెచ్చార్ వాళ్ళు చెప్పిందే చట్టం కాబట్టి నాలుగు ముక్కలు చెప్పాలి. రాజీనామా చేయడం ఉద్యోగి హక్కు. సర్వీసు నిబంధనలు గానీ, క్రమశిక్షణ చర్యలు గానీ అడ్డుంటే తప్ప, ఇష్టం లేనివాడితో బలవంతంగా చేయించలేరని 2018లో సంజయ్ జైన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు ఇవ్వకపోతే డబ్బు అడగొచ్చు గానీ, కూచోబెట్టి కోడ్ రాయించమని ఏ కోర్టూ ఆదేశించదు. వెళ్ళాక పోటీ కంపెనీలో చేరకూడదనే షరతులు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కింద మన దేశంలో చెల్లవు. బాండ్ల సంగతి వేరు. 2025 మే నెలలో విజయా బ్యాంకు కేసులో, మూడేళ్ళలోపు వదిలితే రెండు లక్షలు కట్టాలన్న షరతుని సుప్రీంకోర్టు సమర్థించింది. అంచేత బాండు కాగితాన్ని చించి పారేయొచ్చు అనుకోకండి. అయితే అక్కడ కూడా తేలింది డబ్బు సంగతే. వెళ్ళకూడదని ఎవరూ అనలేదు.

పీఎఫ్ విషయంలో రోజులు మారాయి. నా కాలంలో ఖాతా బదిలీకి ఫారం 13 మీద పాత కంపెనీ సంతకం కోసం తిరగాలి. 2014లో యూఏఎన్ వచ్చాక అది చాలావరకు తీరింది. 2020 నుంచి, ఉద్యోగం వదిలిన తేదీని కంపెనీ వేయకపోతే రెండు నెలలాగి ఉద్యోగే పోర్టల్లో వేసుకోవచ్చు. ఈ చిన్న మార్పు ఎంతమంది రిసెప్షన్లలో కూచోకుండా చేసిందో మాలాంటి వాళ్ళకి తెలుసు.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఇంకా చాలామంది గమనించనిది ఒకటుంది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన వేతనాల కోడ్, 17వ సెక్షన్. రాజీనామా చేసినవాడికి రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. మా హెచ్చార్ ఆవిడ ఇంకా "ఎఫ్ అండ్ ఎఫ్ 45 రోజులండీ, ప్రాసెస్" అంటుంది. ఆ ప్రాసెస్‌ని ఎవరు మారుస్తారంటే "పైనుంచి రావాలి" అంటుంది. పార్లమెంటు కంటే పైన ఏముందో నాకు తెలీదు.

ఇప్పుడు నా సహోద్యోగులు అనబోయే మాట నాకు తెలుసు. "నువ్వు ఉద్యోగుల వైపే మాట్లాడుతున్నావు. 2022లో ఒక్కొక్కడు ఐదేసి ఆఫర్లు చేతిలో పెట్టుకుని, చేరతానన్న రోజు ఫోను స్విచాఫ్ చేయలేదా? లాప్‌టాప్ కొరియర్లో పంపి మాయమవలేదా?" చేశారు. నేనే ఇద్దరి కోసం జాయినింగ్ రోజున పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎదురుచూశాను. కానీ ఒక్క విషయం ఆలోచించండి. ఒక ఆఫర్ చేతిలో ఉన్నవాణ్ణి మూడు నెలలు ఖాళీగా కూచోబెట్టిందెవరు? పని ఇవ్వం, మీటింగులకి పిలవం, కానీ తొంభై రోజులు ఉండాల్సిందే అంటే వాడు ఇంటర్వ్యూలు ఇవ్వక ఏం చేస్తాడు? నెల రోజుల నోటీసులో రెండో ఆఫర్ వెతుక్కునే టైమే ఉండదు. ఆ సంతని తెరిచింది మన తొంభై రోజులే. అవతలి కంపెనీ అభ్యర్థిని నెల రోజుల్లో పంపమని మనమే అడుగుతాం, మనవాణ్ణి మాత్రం తొంభై రోజులు ఆపుతాం. ఇదెక్కడి న్యాయం?

చేయాల్సింది పెద్ద విద్యేం కాదు. రాజీనామా వచ్చిన రోజే ఆఖరి తేదీ రాతపూర్వకంగా ఇచ్చేయాలి. "చూద్దాం" అనే మాట వాడకూడదు. కొత్తచోట చేరే తేదీ చెప్పలేక ఆ మనిషి పడే నరకం అంతా ఆ "చూద్దాం"లోనే ఉంది. రెండోది, సంగతి టీమ్‌కి వాళ్ళంతట వాళ్ళు చెప్పుకోనివ్వాలి, అదీ ఒకట్రెండు రోజుల్లో. దాచిపెడితే టీ బడ్డీ దగ్గర ఇంకోలా చెప్పుకుంటారు. కేటీ విషయంలో మనందరం చేసే తప్పొకటుంది. రెండు నెలలు మామూలు పని చేయించుకుని, ఆఖరి వారంలో ఓ డాక్యుమెంటు రాయమంటాం. అదెవడూ చదవడు. వెళ్ళేవాళ్ళు పక్కన కూచుని, పని మాత్రం ఉండేవాళ్ళ చేత చేయించాలి. అలా చేస్తే మూడు వారాలు చాలు. నేను చూసినంతలో, అంతకంటే ఎక్కువ పట్టిందంటే తప్పు వెళ్ళేవాళ్ళది కాదు, ఇన్నేళ్ళూ అంతా ఒక్క తలకాయలో పెట్టిన మనది.

ఎగ్జిట్ ఇంటర్వ్యూల మీద నాకు నమ్మకం లేదు. చేతిలో లెటర్ పడకముందు ఎవడు నిజం చెప్తాడు? "మంచి అవకాశం వచ్చింది, అంతకుమించి ఏం లేదు" అని రాసి నవ్వి వెళ్ళిపోతారు. నిజంగా తెలుసుకోవాలంటే ఆరు నెలలాగి ఫోన్ చేసి టీకి పిలవాలి. ఎవరూ చేయరు, ఎందుకంటే తెలుసుకోవడం ఎవరికీ అవసరం లేదు, ఫారం నిండితే చాలు.

సోమవారం మా పైవాడికి మెయిల్ రాశాను. 45 రోజులు, ఏ వారం ఏ మాడ్యూలు ఎవరికి, రిలీజ్ ఎవరు చూస్తారు, అన్నీ రాసి. ఆయన ఫోన్ చేశాడు.

"రేపు ఇంకొకడు వచ్చి అడిగితే?"

"వాడికీ ఇస్తానండీ."

"అందరూ పోతారయ్యా."

"పోయేవాళ్ళు తొంభై రోజుల తర్వాతైనా పోతారు కదా."

కాసేపు నిశ్శబ్దం. "రిలీజ్ తేడా వస్తే మాట నీమీదే ఉంటుంది," అన్నాడు. ఉండనీ అనుకున్నాను. మధ్యాహ్నానికి అప్రూవల్ వచ్చింది.

ఆ రాత్రి 2022 కుర్రాడికి మెసేజ్ పెట్టాను. ఆ రోజు గదిలో ఏం జరిగిందో, నేనెందుకు మాట్లాడలేదో రాశాను. రెండ్రోజులకి "పర్లేదన్నా" అని ఒక్క ముక్క వచ్చింది. అంతకంటే ఎక్కువ ఆశించే హక్కు నాకు లేదు.

అమ్మాయి మంగళవారం స్టాండప్‌లో తనే చెప్పింది. ఇద్దరు ముగ్గురు మొహాలు వేలాడేశారు, ఒకడు పార్టీ ఎప్పుడన్నాడు. ఇప్పుడు కొత్తగా చేరిన కుర్రాడు ఆమె పక్కన కూచుని పేమెంట్స్ కోడ్ మార్చడం నేర్చుకుంటున్నాడు, రోజుకి రెండుసార్లైనా బిల్డ్ పగలగొడుతున్నాడు, ఆమె తిడుతోంది. రిలీవింగ్ లెటర్ డ్రాఫ్టు హెచ్చార్‌కి ఇప్పుడే పంపేశాను, ఆఖరి రోజు సాయంత్రం చేతికివ్వాలని. పేరు స్పెల్లింగ్ మూడుసార్లు చూసుకున్నాను.